వాక్కాయపండ్ల పాకము

క్రిస్మసు దినములలో రొట్టెలకొట్టునుండి తెచ్చిన కేకుముక్కపై ఎఱ్ఱగా మెఱయుచుండు చిన్నపండును మన పిల్లలందఱును ఎఱుగుదురు. దానిని ముందుగా తినక, కడపట తినుటకై ప్రక్కకు తీసి దాచుకొనువారును కలరు. దాని పేరేమని తరగతిలో అడిగినచో అందఱును ఒక్క గొంతుతో "చెర్రీ" యని చెప్పుదురు. కాని మన దేశమున ఆ పేరుతో అమ్మబడు పండ్లలో పెక్కు చెర్రీలు కానేకావు. అవి గింజలు తీసి, ఎఱ్ఱరంగు పట్టించి, పంచదారపాకమున ఊరబెట్టిన వాక్కాయలు. చేలగట్లమీదను తోటకంచెలలోను ముండ్లనడుమ కాచి, వానాకాలమున పండి, పిల్లలు కోసికొనగా మిగిలినవి పక్షులపాలును నేలపాలును అగు ఆ వాక్కాయలే.

ఈ పండుతో ఇంటియందే, ఏ రంగును కలుపకయే, ఒక గంటలోపల మంచి పాకమును చేసికొనవచ్చును. ఆంగ్లమున సాస్ అనునది ఇట్టిదే. రొట్టెకును, దోసెకును, గడ్డపెరుగునకును ఇది చక్కని జోడు. దీనిని చేయు విధమును తెలుపుటయే ఈ పాఠముయొక్క మొదటి ఉద్దేశము. దానితోపాటు మేము ఒకప్పుడు చేసిన తప్పును, దానివలన నేర్చుకొనిన సంగతిని కూడ విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవింపదలచినాము.

మేము చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట వానాకాలమున ఒక శనివారమునాడు మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి, ఒక రైతు అనుమతితో ఆయన తోటకంచెనుండి నాలుగు కిలోల వాక్కాయపండ్లను కోసికొని వచ్చితిమి. వసతిగృహపు వంటశాలలో పాకము చేసితిమి. ఖర్చు తగ్గునని తలచి, వేయవలసిన పంచదారలో సగమే వేసితిమి. పాకము పూర్తిగా చల్లాఱిన పిమ్మట, కడిగి గుడ్డతో తుడిచిన సీసాలలో పోసి మూతలు బిగించితిమి. పండ్రెండుమంది పిల్లలకు ఒక్కొక్క సీసా యిచ్చి, "ఇది ఊరగాయవలె ఏడాది నిలువయుండును, ఇంట చెప్పుడు" అని పంపితిమి. ఆ మాట చెప్పుటకు మాకు ఏ ఆధారమును లేకుండెను. పంచదార కలదు, పులుపు కలదు, ఉడికించితిమి. ఇక చెడుటకేమి యని తలచితిమి.

పండ్రెండవ దినమున మా బీరువాలోని సీసా మూత ఉబ్బియుండుట చూచితిమి. తెఱవగానే బుస్సుమని నురుగు పొంగెను, కల్లువాసన కొట్టెను. ఆ సాయంకాలమే బయలుదేరి, రెండు దినములలో పండ్రెండు ఇండ్లకును స్వయముగా పోయి, ఆ పాకమును ఎవరును తినవలదని చెప్పితిమి. అదృష్టవశమున ఎవరికిని హాని కలుగలేదు. కాని పొలముపనులకు పోవు ఒక తల్లి, ఆ సీసాను తెఱవనైన తెఱవక, చిన్నబిడ్డ పుట్టినదినమునకని బియ్యపుడబ్బాలో దాచియుంచెను. మా మాట విని, ఆమె దానిని పెరటిచెట్టు మొదట పాఱబోసి, సీసాను కడిగి మా చేతికిచ్చి యిట్లడిగెను:

"మాష్టారుగారూ, మేము పెట్టుకొన్న ఆవకాయ ఏడాది పొడుగునా ఉంటుంది గదండీ. ఇంత పంచదార పోసి ఉడకబెట్టినది పన్నెండు రోజులకే ఎందుకు చెడిపోయిందండీ?"

ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో ప్రకృతిశాస్త్రమును బోధించు పద్ధతులను నేర్చినవారమయ్యును, ఆ ప్రశ్నకు అప్పుడు సరియైన ఉత్తరము చెప్పలేకపోయితిమి. తెలిసికొని చెప్పెదమని వచ్చితిమి. ఈ పాఠము ఆమెకు బాకీపడిన ఉత్తరము.

పండును గుఱించి

వాక్కాయను కొన్ని సీమలలో కలివికాయ యనియు, కలేకాయ యనియు అందురు. వృక్షశాస్త్రమున దీని పేరు కారిస్సా కారండాస్. ఇది గన్నేరు కుటుంబమునకు చెందిన ముండ్లపొద. కొమ్మ విఱచినను, పచ్చికాయ కోసినను తెల్లని జిగురుపాలు కారును. పువ్వులు తెల్లనివై, మల్లెలను పోలి సువాసన కలిగియుండును. కాయ మొదట పచ్చగనుండి, పిదప తెలుపును గులాబిరంగును కలిసినట్లై, క్రమముగా ఎఱ్ఱబాఱి, పూర్తిగా పండినప్పుడు నలుపునకు దగ్గఱయగు ఊదారంగు తాల్చును. పచ్చికాయను మనవారు పప్పులోను, పులిహోరలోను, పచ్చడిలోను చింతపండునకు బదులుగా వాడుదురు. పండు పులుపును తీపియు కలిసి యుండును.

ఆంగ్లమున బెర్రీ యనునది వాడుకలో ఏ చిన్నపండునకైనను చెల్లును. వృక్షశాస్త్రమున మాత్రము దానికి తగు తెలుగుమాట మృదుఫలము. ఒక పువ్వుయొక్క అండాశయమునుండి పుట్టి, నడుమ గట్టి టెంకె లేక, మెత్తని గుజ్జులో గింజలు గల పండు మృదుఫలము. ఈ లెక్కచొప్పున వాక్కాయ మృదుఫలమే. ద్రాక్షయు, టొమాటోయు, వంకాయయు, అరటిపండును కూడ మృదుఫలములే. పేరులోనే బెర్రీ గల స్ట్రాబెర్రీ మాత్రము కాదు. దానిలో మనము తిను ఎఱ్ఱని భాగము పువ్వుయొక్క పీఠము ఉబ్బుటవలన ఏర్పడినది. రేగుపండులోను మామిడిలోను గట్టి టెంకె యుండుటచే అవి వేఱొక తరగతికి చెందును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. వాక్కాయకు చుట్టమైన గన్నేరు విషముగలది. పచ్చగన్నేరు కాయలోని గింజ ప్రాణములు తీయగలది. కనుక పాలు కారు పొదలన్నియు ఒక్కటే యనుకొనరాదు. పెద్దలు చూచి, ఇది వాక్కాయయే యని నిశ్చయముగా చెప్పినగాని పిల్లలు ఏ కంచెపండును నోటపెట్టుకొనరాదు.

కావలసిన వస్తువులు

వాక్కాయపండ్లు 500 గ్రాములు. ఇందు మూడువంతులు నల్లగా పండినవియు, ఒకవంతు ఎఱ్ఱని దోరపండ్లును ఉండవలెను. పంచదార 250 గ్రాములు. మంచినీరు 150 మిల్లీలీటర్లు, అనగా చిన్నగ్లాసెడు. ఉప్పు ఒక చిటికెడు. ఇష్టమున్నచో రెండు యాలకులుగాని, చిన్న దాల్చినచెక్కముక్కగాని వేసికొనవచ్చును.

పాత్ర స్టీలుదైనను, చెక్కుపోని ఎనామెలు పూత గలదైనను కావలెను. కళాయి పూయని ఇత్తడిలోను రాగిలోను పులుపు వండరాదని మన అవ్వలు ఎఱుగుదురు. పులుపు ఆ లోహములను కరగించి ఆహారములో కలుపును. అల్యూమినియము విషయమునను ఇదే జాగ్రత్త మంచిది. ఇవిగాక ఒక చెక్కగరిటె, ఒక స్టీలు జల్లెడ, ఒక చిన్నపళ్లెము, వెడల్పుమూతి గల ఒక గాజుసీసా సిద్ధముగ నుంచుకొనవలెను.

చేయు విధము

1. మొదట సీసాను సిద్ధపఱుపవలెను. లోతైన గిన్నె అడుగున ఒక మడతగుడ్డ పఱచి, దానిపై సీసాను మూతను ఉంచి, మునుగునంత చన్నీరు పోసి, పొయ్యిమీద పెట్టవలెను. నీరు తెర్లుట మొదలిడిన పిమ్మట పది నిమిషములుంచి, పాకము పోయువఱకు ఆ వేడినీటియందే ఉండనియ్యవలెను. సీసాను మరుగునీటిలో హఠాత్తుగా వేసినచో పగులును.

2. పండ్లను ఏఱి, కుళ్లినవానిని, పురుగుపట్టినవానిని తీసివేయవలెను. తొడిమలు త్రుంచి, నీరు మార్చుచు మూడుమారులు కడుగవలెను. దోరపండ్లకు పాలజిగురు మిగిలియుండును. వానిని రెండుగా కోసి, గోరువెచ్చని ఉప్పునీటిలో కొంతసేపుంచి మఱల కడిగినచో అది వదలును. కోయుటకు ముందు కత్తికి నూనె పూసికొన్నచో జిగురు అంటుకొనదు.

3. పండ్లను నీటితోకూడ పాత్రలో వేసి, మూతపెట్టి, సన్నని మంటమీద పది లేక పండ్రెండు నిమిషములు ఉడికింపవలెను. తొక్కలు పగిలి, గుజ్జు మెత్తనగును. ఈ దశలో పంచదార వేయరాదు.

4. గరిటెతో మెదిపి, జల్లెడలో పోసి, వేఱొక గిన్నెలోనికి గుజ్జు దిగునట్లు రుద్దవలెను. గింజలును తొక్కలును జల్లెడలో నిలుచును. జల్లెడ అడుగున అంటుకొన్న గుజ్జును తప్పక గీకి తీసికొనవలెను. చిక్కదనము నిచ్చునది అదియే.

5. గుజ్జును మఱల పొయ్యిమీద పెట్టి, పంచదారయు ఉప్పును వేసి, కరగువఱకు కలుపవలెను. పిదప మంట కొంచెము పెంచి, అడుగంటకుండ త్రిప్పుచు ఎనిమిది లేక పది నిమిషములు ఉడికింపవలెను. పైకి తేలు నురుగును తీసివేయవలెను.

6. పాకము కుదిరినదా యని చూచుటకు, చన్నీటిమీద తేల్చి చల్లబఱచిన పళ్లెముపై ఒక చెంచా పాకము వేసి, ఒక నిమిషము ఆగి, చెంచా మొనతో నడుమ గీత గీయవలెను. గీత వెంటనే మూసికొనిపోయినచో ఇంకను ఉడుకవలెను. కొంతసేపు నిలిచినచో చాలును. పొయ్యిమీద పలుచగానున్న పాకము చల్లాఱునప్పుడు చిక్కబడును. కనుక గిన్నెలోనే గట్టిపడవలెనని చూచుచు కూర్చున్నవారికి మఱునాడు పాకమునకు బదులు ముద్ద లభించును.

7. సీసాను వేడినీటినుండి తీసి, నీరు పూర్తిగా జాఱనిచ్చి, వేడిపాకమును వేడిసీసాలో పోసి, వెంటనే మూత బిగింపవలెను. చల్లాఱిన తరువాత ఫ్రిజ్జులో పెట్టవలెను.

మరుగుచున్న పంచదారపాకము మరుగునీటికంటె ఎక్కువగా కాల్చును. ఒంటికి అంటుకొని జాఱక నిలుచును. కనుక అయిదవ మెట్టునుండి పెద్దవారొకరు పొయ్యిదగ్గఱ ఉండియే తీరవలెను.

ఇట్లేల చేయవలెను?

పండ్లలో పెక్టిన్ అను పదార్థము కలదు. దీనిని 1825వ సంవత్సరమున ఆంరీ బ్రాకొనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వేఱుచేసి వర్ణించెను. పండు ఉడికినప్పుడు ఇది రసములోనికి దిగి, పులుపును పంచదారయు తోడైనచో రసమును వలవలె పట్టుకొని చిక్కబఱచును. దోరపండ్లలో ఇది ఎక్కువ. బాగుగ పండిన పండ్లలో తక్కువ. రంగును పరిమళమును మాత్రము పండినవానియందే ఎక్కువ. అందుచేతనే రెంటిని కలుపుమని చెప్పితిమి.

పంచదారను ముందుగా వేసినచో తొక్కలు గట్టిపడి గుజ్జు సరిగా దిగదు. పులుపుగల గుజ్జును మితిమీఱి మరిగించినచో పెక్టిన్ విఱిగి చిక్కదనము తగ్గును. రంగు మాసి, పండురుచికి బదులు మాడిన పంచదారరుచి వచ్చును. చిటికెడుప్పు తీపిని పైకి తెచ్చును.

ఈ ఎఱ్ఱదనమునకు కారణము పండ్లలోని ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము. పిల్లలు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. పంచదార వేయని రసమును రెండు గాజుగ్లాసులలో కొద్దికొద్దిగ పోసి, ఒకదానిలో నిమ్మరసమును, రెండవదానిలో చిటికెడు వంటసోడాను వేయవలెను. మొదటిది మఱింత ఎఱ్ఱబాఱును. రెండవది నీలివర్ణమువైపునకు తిరుగును. మన పాకము ఎఱ్ఱగా నిలుచుటకు అందలి పులుపే కారణము.

ఆ తల్లి ప్రశ్నకు ఉత్తరము

ఆహారము చెడుటయనగా మనకంటె ముందుగా కంటికి కానరాని జీవులు దానిని తినుట. వానిలో బాక్టీరియాయు, ఈస్టును, బూజును ముఖ్యమైనవి. వానికి నీరు కావలెను. తగిన వెచ్చదనము కావలెను. ఆవకాయలో ఉప్పు మిక్కుటము. ముక్కను తడిలేకుండ తుడిచి వేయుదుము. మామిడి పులుపు కలదు; పైన నూనె నిలిచి గాలిని అడ్డగించును. ఉప్పు నీటిని తనవైపు పట్టియుంచుటచే ఆ జీవులకు త్రాగుటకు నీరు దొరకదు. అందుచేత అది ఏడాది నిలుచును. అందులోనే తడిగరిటె పెట్టినచో నెలలో బూజుపట్టుననియు మనమెఱుగుదుము.

పంచదారయు ఉప్పువలెనే నీటిని పట్టియుంచగలదు. కాని అందుకు చాల పంచదార కావలెను. నిలువయుంచు జాములో నూటికి సుమారు 65 పాళ్లు తీపిపదార్థము లుండునట్లు, సముద్రమట్టమున 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వచ్చువఱకు మరిగింతురు. మన పాకము లెక్క చూతము. పూర్తియైన పాకము 650 గ్రాములు తూగినదనుకొందము. అందు మనము వేసిన పంచదార 250 గ్రాములు. 250ని 650చే భాగించి నూఱుచే గుణించిన సుమారు 38 వచ్చును. పండులో సహజముగనున్న తీపిని కలుపుకొనినను 65నకు చాల దూరము. సగము పంచదార వేసిన మా మొదటి పాకము మఱియు దూరము.

ఇక పులుపు. వాక్కాయ పులుపు చాలరకముల బాక్టీరియాను అడ్డగించును. ఈస్టును బూజును మాత్రము ఆ పులుపును లెక్కచేయవు. మేము ఉడికించినప్పుడు గిన్నెలోనివి చచ్చియుండును. కాని చల్లాఱుటకై తెఱచియుంచిన గంటలలో గాలినుండియు, మరిగింపని సీసాలనుండియు, తుడిచిన గుడ్డనుండియు క్రొత్తవి వచ్చి చేరెను. ఈస్టు పంచదారను తిని మద్యసారమును, కార్బన్ డయాక్సైడు వాయువును పుట్టించును. తాటికల్లు పొంగుటకును మా సీసా మూత ఉబ్బుటకును కారణమొక్కటే.

ఈ సంగతి లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టెను. నికొలా అప్పేర్ అను ఫ్రెంచి మిఠాయిపనివాడు ఆహారమును గాజుసీసాలలో పెట్టి, గట్టిగ మూసి, ఆ తరువాత మరుగునీటిలో వేడిచేసినచో అది చెడకుండునని కనిపెట్టెను. 1810వ సంవత్సరమున తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించి, ప్రభుత్వమువలన 12,000 ఫ్రాంకుల బహుమానము నందెను. చెడకుండుటకు నిజమైన కారణము ఆయనకు తెలియదు. 1857వ సంవత్సరము మొదలు లూయీ పాశ్చర్ పులియుటను గుఱించి చేసిన పరిశోధనలవలన, ఆ పని చేయునవి సూక్ష్మజీవులని స్పష్టమయ్యెను. కారణమెఱుగకయే అప్పేర్ పద్ధతిని సరిగా పాటించెను. కారణము పుస్తకములో చదివియు మేము పద్ధతిని పాటింపకపోతిమి.

నిలువయుంచుట

కనుక ఈ పాకము ఊరగాయ కాదు, జామును కాదు. ఇది కొలదిదినములలో తినవలసిన తాజా వంటకము. ఫ్రిజ్జులో పెట్టి ఒక వారములోపల ముగింపవలెను. ఎక్కువ చేసినచో చిన్నడబ్బాలలో పైన కొంత వెలితి యుంచి, గడ్డకట్టు అరలో పెట్టినయెడల రెండు నెలల వఱకు వాడుకొనవచ్చును. ఫ్రిజ్జు లేని యింట ఆ పూటకు, మఱునాటి ఉదయమునకు చాలినంత మాత్రమే, అనగా 100 గ్రాముల పండ్లకు 50 గ్రాముల పంచదారచొప్పున చేసికొనుట మేలు. లెక్క అదియే, సీసా మాత్రము అక్కఱలేదు.

పొడిచెంచాతోనే తీయవలెను. మూత ఉబ్బినను, బుడగలు లేచినను, కల్లువాసన వచ్చినను, పైన బూజు కనబడినను మొత్తము పాఱవేయవలెను. బూజును పైపైన తీసి మిగిలినది తిందమనుట పొదుపు కాదు. మెత్తని పదార్థములో దాని వేళ్లు కంటికి కనబడని లోతువఱకు పోవును.

తినునప్పుడు దోసెమీదను, రొట్టెమీదను, పెరుగులోను వేసికొనవచ్చును. వేడిపాలలో కలిపినచో పులుపువలన పాలు విఱుగును. మధుమేహముగల పెద్దలకు ఇందులో పంచదార యెంత కలదో చెప్పి పెట్టవలెను.

ఇతర ఫలములు

ఈ విధానమునే ఇతర ఫలములకును మార్చుకొనవచ్చును. మార్పు తెలియవలెనన్న పండును రుచిచూచి, పులుపెంత, తీపియెంత యని తూచవలెను. నల్లద్రాక్షలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. కనుక 500 గ్రాములకు పంచదార 100 గ్రాములు చాలును, ఒక నిమ్మకాయరసము చేర్పవలెను. మన్యములో లంబసింగి ప్రాంతమున పండు స్ట్రాబెర్రీలకును అదే లెక్క. వానిని జల్లెడ పట్టనక్కఱలేదు, నీరును రెండు చెంచాలు చాలును. నేరేడుపండ్లకు వగరు కలదు. గింజతీసి, నిమ్మరసము చేర్చి వండినచో రంగు మనోహరముగ నుండును. అమెరికావారు నవంబరు నెలలో జరుపుకొను కృతజ్ఞతాపండుగనాడు క్రాన్‌బెర్రీ పాకమును భుజింతురు. ఆ పండును వాక్కాయవలె పులుపును పెక్టినును మెండుగా గలది. కావున దాని పాకమును ఇంచుమించు ఇట్లే చేయుదురు.

కడపటి మాట

గత వానాకాలమున మేము ఆ తల్లి యింటికి మఱల పోయితిమి. ఈసారి పండ్లు మేము కొనిపోయితిమి; పంచదార మేము కొనిపోయితిమి. ఆమె పొయ్యిమీదనే, ఆమె చేతులతోనే పాకము తయారయ్యెను. ఆవకాయకును దీనికిని భేదమేమో చెప్పితిమి. ఆమె అంతయు విని, "అయితే ఆవకాయకు ఉప్పు కాపలా, దీనికి కాపలా లేదు, మనమే ఉండాలి" అనెను. మేము రెండుపుటలలో వ్రాసినది ఆమె ఒక్కమాటలో చెప్పెను.

ఆ యింట ఫ్రిజ్జు లేదు. చిన్నగిన్నెడు పాకము ఆ రాత్రియే రొట్టెలతో ముగిసెను. మిగిలిన కొంత పాకమును సీసాలో పోసి, ఫ్రిజ్జుగల ప్రక్కయింటివారికి ఇచ్చుచుండగా, చిన్నబిడ్డ పలకబలపము వదలి, కాగితపుముక్కపై పెన్సిలుతో రెండు తేదీలు వ్రాసి అన్నముమెతుకుతో సీసాకు అంటించెను. మొదటిది చేసిన దినము. రెండవది తినవలసిన కడపటి దినము. మన విద్యార్థులు ఇంట ఏ పాకము చేసినను, ఆ రెండు తేదీలు వ్రాసినగాని పని ముగిసినదని తలపకుందురుగాక.

అభ్యాసము

1. ద్రాక్ష, రేగు, వంకాయ, మామిడి, స్ట్రాబెర్రీ: వీనిలో వృక్షశాస్త్రరీత్యా మృదుఫలములేవి? కారణము చెప్పుడు.

2. 800 గ్రాముల వాక్కాయపండ్లకు ఎంత పంచదారయు, ఎంత నీరును కావలెను?

3. ఒక యింట 500 గ్రాముల పండ్లకు 125 గ్రాముల పంచదార వేయగా పాకము 520 గ్రాములు తూగెను. వేసిన పంచదార నూటికెన్ని పాళ్లు? అది నిలువయుండునా?

4. ఆవకాయను కాపాడునవి ఏవి? వానిలో వాక్కాయపాకమునకు ఏది కలదు, ఏది లేదు?

5. మీ యింట నిలువయుంచు మూడు పదార్థములను చూచి, ఒక్కొక్కదానిని చెడకుండ కాపాడునది ఉప్పో, తీపియో, పులుపో, నూనెయో, ఎండయో మీ తల్లిగారినో అవ్వగారినో అడిగి వ్రాసికొని రండు.